పుట్టింటి సుత్తి

మల్లీశ్వరి అత్తారింటికి వెళ్ళేనాడు తండ్రి ఆమె ఒళ్ళో ఒక సుత్తి పెట్టాడు. బొల్లాపల్లి వైపు రాళ్ళు కొట్టుకుని బతికే ఆ ఇంట్లో అది ఆనవాయితీ. ఆడపిల్లని పంపేటప్పుడు సుత్తికి పసుపు రాసి, కొత్త గుడ్డలో చుట్టి ఇస్తారు.

"అత్త పెట్టకపోయినా ఇది పెట్టుద్ది. చెయ్యి జారనీమాక" అన్నాడు తండ్రి.

పెళ్ళి చీర చిరిగిపోయింది. కాళ్ళ కడియాలు మామ జబ్బుకి పోయాయి. సుత్తి మాత్రం నిలిచింది. తండ్రి తుమ్మకర్రతో చెక్కిన పిడికి ఆమె వేళ్ళు పడేచోట గుంటలు పడి, చీకట్లో పట్టుకున్నా ఏది పైవైపో తెలిసేది. అత్తారింట్లో దసరానాడు పలుగులు, ఉలులు, సమ్మెట అన్నీ కడిగి గోడవారన వరసగా నిలబెట్టి బొట్లు పెడతారు. వరసలో మొదటి చోటు పుట్టింటి సుత్తిది.

మామకి జబ్బు చేసినప్పుడు ఆమె భర్త అంకారావు, గని యజమాని నాగభూషణరావు షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. మామ దక్కలేదు, అప్పు దక్కింది. అప్పు తీరేదాకా గనిలో పని చెయ్యాలని మాట. గురజాల, మాచర్ల మధ్య, బస్సు రోడ్డుకి చానా లోపలికి ఉంది ఆ నాపరాళ్ళ గని. కూలీల కొట్టాలకి గోడలూ నాపరాళ్ళే, కప్పూ నాపరాళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ కొట్టాల్లో కూర్చుంటే రొట్టెల పెనం మీద కూర్చున్నట్టు ఉండేది. కూలి నుంచి బియ్యానికి కోత, మందుకి కోత, విరిగిన ఉలికి కోత. మిగిలింది అప్పులోకి జమ అనేవాళ్ళు. ఎంత తీరిందని అడిగితే, "నీకు లెక్కలొచ్చా?" అని నవ్వేవాడు మేస్త్రి కన్నయ్య. అట్లా అడగటం మానేశారు. కూతురు కనకలక్ష్మి ఆ గనిలోనే పుట్టి, ఆ గనిలోనే నడక నేర్చింది.

గనికి రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, ఇంట్లో ఒకరు బయటికి పోవాలంటే ఇంకొకరు గనిలో ఉండాలి. దాన్ని "మనిషికి మనిషి" అనేవాళ్ళు. కారెంపూడి తిరునాళ్ళకి మొగుడు పోతే పెళ్ళాం ఉండాలి. పెళ్ళాం పురిటికి పోతే మొగుడు ఉండాలి. ఎవరూ కాపలా కాయక్కరలేదు. ఎవరి ప్రాణానికి వాళ్ళ మనిషే సంకెల.

రెండోది, గనిలోకి వచ్చిన ఇనుమంతా గనిదే. రాయి కొట్టీ కొట్టీ సుత్తి మొహం అరిగిపోతే కమ్మరి కొలిమిలో పెట్టి కొత్త ఉక్కు అతికేవాడు. ఆ ఉక్కు షావుకారుది కాబట్టి పక్కన ఆయన పేరులో మొదటిదైన "నా" అని అక్షరం కొట్టేవాడు. మల్లీశ్వరి సుత్తి కొలిమికి వెళ్ళినరోజు ఆమె అక్కడే నిలబడింది.

"అది మా నాయనిచ్చింది మావా. దాని మీద అచ్చరం కొట్టబాకు" అంది కమ్మరితో.

కమ్మరి చెయ్యి ఆపి మేస్త్రి వంక చూశాడు.

"మొహం షావుకారు పెట్టిచ్చాడు. పేరు మాత్రం మీ నాయనదా?" అన్నాడు కన్నయ్య. "కొట్టు మావా. కూడు కూడా ఆయనే పెడతన్నాడుగా, అసలైతే వీళ్ళ మొహాన గూడా కొట్టాల."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నవ్వారు. కమ్మరి అక్షరం కొట్టాడు. మల్లీశ్వరి సుత్తి తీసుకుని, నీళ్ళలో ముంచి, చల్లారేదాకా పట్టుకుని నిలబడింది.

గని నుంచి పారిపోయినవాళ్ళు లేకపోలేదు. గురవయ్య అని, వరసకి అంకారావుకి మేనమామ, ఒకసారి పెళ్ళాంపిల్లల్ని ముందు పంపి తర్వాత తను వెళ్ళిపోయాడు. పిడుగురాళ్ళ రైల్వే స్టేషన్లో పోలీసులు పట్టుకున్నారు. పారిపోయాడని కాదు. చేతిలో పలుగు ఉందని. గనిలో పలుగు పోయిందని షావుకారు ఫిర్యాదు రాసిచ్చాడు, ఆ పలుగు మీద "నా" అని ఉంది. దొంగతనం కేసు అన్నారు. పోలీసు స్టేషన్లో ఏం జరిగిందో గురవయ్య ఎవరికీ చెప్పలేదు గానీ, తర్వాత ఆయన కుడిచేత్తో సమ్మెట ఎత్తలేకపోయాడు. పనిలోకి తిరిగొస్తే కేసు తీసేస్తామన్నారు. వచ్చాడు. పెళ్ళాంపిల్లలూ వచ్చారు. జీపులో తెచ్చి గని మధ్యలో దించి, అందరూ చూసేట్టు ఆ పలుగుని మళ్ళీ ఆయన ఎడమచేతికే ఇచ్చారు.

యజమానిని వదిలి పోవటం నేరమని ఏ చట్టంలోనూ లేదు. ఉన్న చట్టం దానికి తిరగేసి ఉంది. వెట్టిచాకిరీ రద్దయింది, అట్లా కట్టేసిన అప్పులన్నీ కొట్టుడుపోయాయి అని దేశం మొత్తానికి చట్టం వచ్చి అప్పటికే పదేళ్ళు. సమితి ఆఫీసు ప్రహరీ మీద ఆ ముక్కలు నీలిరంగుతో రాయించారు. షావుకారు లారీలు ఆ గోడకి ఆనించే ఆపేవాళ్ళు. రాతలో సగం లారీల మసికి పోయింది, మిగతా సగం చదవటం గనిలో ఎవరికీ రాదు. గోడ మీది చట్టానికి జీపు లేదు. స్టేషన్లో చట్టానికి ఉంది.

కనకానికి తొమ్మిదో ఏడు వచ్చింది. ఒకరోజు కన్నయ్య ఆ పిల్ల చేతులు పట్టుకుని తిప్పి చూశాడు, సంతలో దూడ పళ్ళు చూసినట్టు.

"చేతులు బాగా సాగినయ్యే. దసరా పోంగానే దింపు గనిలోకి. మీ అప్పు తీరాలా వద్దా?"

"పిల్లకి బడి ఈడు మేస్త్రీ" అన్నాడు అంకారావు.

"బడా! అచ్చరాలు కావాలంటే చెప్పు, కమ్మరాయన కొడతాడు."

ఆ మాటకి అంకారావు తల వంచుకున్నాడు. మల్లీశ్వరి వంచుకోలేదు. పారిపోవాలని ఆమె అనుకున్నది అప్పుడే. తను వచ్చింది మామ అప్పుకి. కూతురు దిగబోయేది ఎవరి అప్పుకి?

గనిలో ఊట నీళ్ళు తోడే ఇంజను పాడైనప్పుడల్లా నరసరావుపేట నుంచి ఇస్మాయిల్ అనే మెకానిక్కు వచ్చేవాడు. పనిచేస్తూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. ఆయనకి నీళ్ళు ఇస్తూ మల్లీశ్వరి ఒకసారి అడిగింది.

"అన్నా, గోడల మీద ఏందో రాసుందంటగా, మాలాటోళ్ళ గురించి. నిజమేనా?"

ఇస్మాయిల్ స్పానరు తిప్పటం ఆపి కన్నయ్య ఎంత దూరంలో ఉన్నాడో చూశాడు. "నిజమే చెల్లెమ్మా. మా షెడ్డు ఎనకమాల గోపాలరావుగారని ప్లీడరు ఉన్నాడు. అప్పు చెల్లదని కాయితం ఇస్తారంట, విడుదల కాయితం. ఆ కాయితం చేతిలో ఉంటే నీ జోలికి ఎవడూ రాడంట."

"ఎవరిస్తారు?"

"గవర్నమెంటు."

"గవర్నమెంటు ఈడికి రాదుగా."

"రాదు. నువ్వే పోవాల" అన్నాడు ఇస్మాయిల్, మళ్ళీ స్పానరు అందుకుని.

వెళ్ళటానికి పట్టపగలే మంచిదని మల్లీశ్వరి ఆలోచించింది. రాత్రిపూట కుక్కలుంటాయి, పగలు మనుషులే ఉంటారు, మనుషులు చూసీ చూడనట్టు ఉండగలరు. సంతరోజు ఆడవాళ్ళని ట్రాక్టరులో తీసుకుపోతారు, కన్నయ్య కూడా వెళ్తాడు. కనకానికి జ్వరం, ఆసుపత్రిలో చూపించాలని చెప్పి పిల్లని వెంట తీసుకుపోయి, సంత నుంచి అటే బస్సెక్కుతుంది. అంకారావు ఆమెకి బదులు మనిషి. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి ఆయన గని వెనక వైపు దిగి, సాగర్ కాలవ కట్ట పట్టుకుని నడిచి, బస్సెక్కి నరసరావుపేటలో ఇస్మాయిల్ షెడ్డుకి చేరాలి.

"ఏమీ పట్టుకురామాక" అని వారం రోజులు నూరిపోసింది మొగుడికి. "చెంబు వద్దు. దుప్పటి వద్దు. బీడీల కట్ట మీద గూడా ఆ అచ్చరం ఉందేమో చూసుకో. గురవయ్య మావ పలుగు గుర్తుంది గదా."

"నా లుంగీ?"

"లుంగీ కట్టుకునే రా. అదన్నా నీదేగా."

సంతరోజు పొద్దున ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టింది, మళ్ళీ వచ్చి వండుకునేదానిలాగా. బిందెనిండా నీళ్ళు పోసింది. ఆ ఇత్తడి బిందె ఇక అక్కడే ఉండిపోయింది. మేకకి కుడితి పెట్టి తాడు సరిచేసింది. గంప, గోనెపట్టా, పిల్ల చెయ్యి తీసుకుని గడప దాటబోతూ ఆమె వంగింది. గోడవారన ఉన్న సుత్తి తీసి గంపలో పట్టా కింద పెట్టుకుంది. ట్రాక్టరు ఎక్కింది.

ఇంత జాగ్రత్తపడిన మనిషి ఆ పని ఎందుకు చేసిందని తర్వాత ప్లీడరూ అడిగాడు, మొగుడూ అడిగాడు. వస్తువులన్నీ వదిలెయ్యాలనే అనుకుంది, వదిలేసింది కూడా. సుత్తి ఒక వస్తువని ఆమెకి తోచనే లేదు. చెయ్యి ఇంట్లో పెట్టి ఎవరన్నా సంతకి పోతారా?

నరసరావుపేటలో ఇస్మాయిల్ భార్య మైమూనా షెడ్డు వెనక పాత టైర్లు పెట్టే గది ఖాళీ చేసి ఇచ్చింది. మనిషి లావు, నోరు అంతకంటే లావు. సాయంత్రానికి అంకారావు మోకాలిదాకా బురదతో వచ్చాడు. మైమూనా ఆయన్ని ఎగాదిగా చూసింది.

"పారిపోయొచ్చినోడివా, కాలవలో చేపలు పట్టొచ్చినోడివా? కాళ్ళు కడుక్కో తమ్ముడూ. అన్నం ఉంది, కూర నిన్నటిది. నచ్చకపోతే మీ షావుకారు ఇంటికి పో."

ఆ గదిలో అంకారావు చాలా రోజుల తర్వాత నవ్వాడు.

గోపాలరావు పెద్ద ప్లీడరేమీ కాదు. కోటు మోచేతుల దగ్గర మెరుపు తేలి ఉంటుంది. అయినా డబ్బు మాట ఎత్తకుండా అర్జీ రాసి, ఇద్దరి వేలిముద్రలు వేయించాడు. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా చూసి, మండలాలు కొత్తగా వచ్చాయి, మీ గని ఫలానా మండలంలోకి పోయింది, అక్కడ ఇవ్వాలి అన్నాడు. అక్కడికి పోతే, ఆ ఫైళ్ళు ఇంకా పాత తాలూకా ఆఫీసు నుంచి రాలేదన్నారు. తాలూకా ఆఫీసుకి పోతే, తాలూకాలు ఎక్కడున్నాయమ్మా, రద్దయినాయిగా అన్నారు.

"వెట్టీ రద్దయింది, తాలూకా రద్దయింది" అంది మల్లీశ్వరి బయటికొచ్చి. "మరి షావుకారు ఒక్కడే రద్దు కాలేదేందయ్యా?"

గోపాలరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఎట్టకేలకి ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకి గనికి వెళ్ళాడు. షావుకారు తెప్పించిన కొబ్బరినీళ్ళు తాగి, కన్నయ్యని పక్కన పెట్టుకుని, కూలీలని ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. మీకేమన్నా ఇబ్బందా? లేదండి. బలవంతమా? లేదండి. గురవయ్య కూడా లేదండి అన్నాడు, పనిచెయ్యని కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని. వెట్టి ఛాయలు కనపడలేదని ఇన్‌స్పెక్టరు రాశాడు. ఈ సంగతి తెలిసినప్పుడు అంకారావు మేనమామని తిట్టాడు. మల్లీశ్వరి ఒప్పుకోలేదు.

"పులి ముందర నిలబెట్టి పులి మంచిదా అని అడిగితే మావ ఏమంటాడు? సిగ్గుండాల్సింది అడిగినోడికి."

ఈలోగా తినాలి. రొంపిచెర్ల రోడ్డుకి కంకర కొట్టే పని జరుగుతుంటే ఇద్దరూ కుదిరారు. ఏ రోజు కూలి ఆ సాయంత్రమే చేతిలో పడేది. మొదటి రోజు మల్లీశ్వరి ఆ నోట్లు కొంగున కట్టకుండా గుప్పెట్లో పట్టుకునే ఇంటిదాకా నడిచింది. పుట్టింటి సుత్తి మళ్ళీ ఆమెకి అన్నం పెడుతోంది. కనకాన్ని మైమూనా తన పిల్లలతో పాటు బడికి తోలింది.

ఆ రోడ్డు మీదే షావుకారు లారీలూ తిరుగుతాయి. ఒక డ్రైవరు చూశాడు. మర్నాడు జీపు వచ్చి కంకర కుప్ప పక్కన ఆగింది. ముందు కన్నయ్య దిగాడు, వెనక ఇద్దరు పోలీసులు.

"ఏమే, ఇంకా సంత కాలేదా?" అన్నాడు కన్నయ్య.

మల్లీశ్వరి లేచి నిలబడింది. సుత్తి చేతిలోనే ఉంది. కన్నయ్య దాని వంక చూసి, పోలీసుకి వేలితో చూపించాడు. అతను సుత్తిని లాక్కుని, దుమ్ము తుడిచి, అక్షరం ఎండకి తిప్పి చూశాడు.

రోజూ చూసే సుత్తి మీద ఆ అక్షరాన్ని అంకారావు అప్పుడే చూసినట్టు చూశాడు. తర్వాత పెళ్ళాం మొహం చూశాడు. "ఎందుకు తెచ్చావే?" అన్నాడు. అంతే అన్నాడు.

"అది నాది. మా నాయనిచ్చింది. తెచ్చింది నేను" అంది మల్లీశ్వరి. "నన్ను ఎక్కిచ్చండి జీపు."

"ఆడమనిషిని తీసుకుపోతే స్టేషన్లో యాడ పెట్టాల?" అన్నాడు పోలీసు విసుగ్గా. అంకారావుని ఎక్కించారు.

గని వైపున్న ఆ స్టేషనుకి ఆమె, ఇస్మాయిల్ బస్సులో వెళ్ళేసరికి అంకారావు పెదవి చిట్లి ఉంది. షావుకారు ఎస్సై ఎదురుగా కుర్చీలో కూర్చుని సోడా తాగుతున్నాడు. మెత్తని మనిషి. గొంతు పెంచడు.

"నేనేమన్నా రాక్షసుడినా మల్లీశ్వరీ? మీ మామకి జబ్బు చేస్తే ఆదుకున్నది ఎవరు? సుత్తి పోయిందని కాదు నా బాధ. నమ్మకం పోయింది. రేపటినించి పనిలోకి రండి, ఈ కేసు ఇక్కడే ఆపేయమని ఎస్సైగారికి నేను చెప్తా."

"రాకపోతే?"

జవాబు ఎస్సై చెప్పాడు. "రాకపోతే దొంగతనం. కోర్టు, జైలు. నీ ఇష్టం."

అంకారావు కటకటాల లోపలి నుంచి మాట్లాడాడు. "పోదామే. పిల్ల ఏమైపోద్ది? నేను లోపలుంటే మీరెట్టా బతుకుతారు?"

మల్లీశ్వరికి కోపం వచ్చింది. అది మొగుడి మీద కాదు. ఆ మాట మొగుడి నోట పలికించిన ఆ గది మీద, ఆ సోడా మీద, అదే రాతతో ఇన్నాళ్ళూ అందరినీ వెనక్కి తోలిన ఆ ఫిర్యాదు కాగితం మీద. గురవయ్య నిలబడింది ఇక్కడే. ఇదే బల్ల ముందు ఆయన కుడిచెయ్యి పోయింది.

"పిల్ల బడికి పోతంది" అంది మొగుడితో. "నువ్వు జైల్లో ఉంటే జైలుకి ఎన్నాళ్ళో చెప్తారు. గనికి ఎన్నాళ్ళో ఎవరన్నా చెప్పారా?" అని షావుకారు వైపు తిరిగింది. "కేసు పెట్టుకోండి. మేం రాం."

షావుకారు సోడా సీసా కింద పెట్టాడు. ఇస్మాయిల్ బయటికొచ్చాక, "అల్లా! నీకు భయం లేదా చెల్లెమ్మా?" అన్నాడు. భయం ఉంది. బస్టాండులో గట్టు మీద కూర్చుని, రెండు బస్సులు పోనిచ్చి మూడోది ఎక్కింది.

కోర్టులో అంకారావుని బోనులో నిలబెట్టారు. బల్ల మీద సుత్తి. దాని పిడికి దారంతో చీటీ కట్టి, ముడి మీద లక్క వేసి సీలు కొట్టారు. మల్లీశ్వరి కళ్ళు మొగుడి మీద సగం, సుత్తి మీద సగం. గోపాలరావు లేచి జామీను అడిగాడు. షావుకారు తరఫున, ముద్దాయి పనిలోకి తిరిగొస్తే రాజీకి అభ్యంతరం లేదని చెప్పారు. మేజిస్ట్రేటు వయసు మళ్ళిన మనిషి, రాస్తున్నవాడల్లా తలెత్తాడు.

"మీ సుత్తి దొరికిందిగా. ఇంకేం కావాలి?"

షావుకారు లేచి చేతులు కట్టుకున్నాడు. "మనుషులు కావాలండి. వీళ్ళని చూసి మిగతావాళ్ళు..." అని ఆగిపోయాడు.

"దొంగ అని మీరే రాసిచ్చారు. దొంగని మళ్ళీ మీ గనిలోకే పిలుస్తారా?"

హాల్లో నవ్వులు లేచాయి. ప్లీడర్లు నవ్వారు, బంట్రోతు నవ్వాడు, బోనులో నిలబడ్డ అంకారావు కూడా, అర్థం కాకపోయినా, నవ్వబోయాడు.

"దాంట్లో నవ్వేదానికి ఏముంది?"

ఆ గొంతు మల్లీశ్వరిది. బంట్రోతు "ఉష్!" అన్నాడు. ఆమె ఆగలేదు.

"సుత్తి తెచ్చింది నేను సామీ. ఆయన కాదు. అది దొంగతనమైతే నన్ను పెట్టండి బోనులో. కానీ అది ఎందుకు తెచ్చానో, మేం ఎందుకొచ్చామో ఒక్కరూ అడగరేంది? బిందె వదిలేశాం, మేకని వదిలేశాం, ఎసరు పొయ్యి మీద వదిలేశాం. ఎవరన్నా అన్నీ వదిలేసి ఒక సుత్తి కోసం పారిపోతారా?"

గోపాలరావు ఆమెని కూర్చోబెట్టాడు. మేజిస్ట్రేటు కలం మళ్ళీ అందుకున్నాడు. తర్వాత జామీను ఇచ్చి, ఒక షరతు చదివాడు. కేసు తేలేదాకా ముద్దాయి గాని, అతని కుటుంబం గాని ఫిర్యాది గని ఛాయలకి పోకూడదు. ఫిర్యాది గాని, అతని మనుషులు గాని వీళ్ళ జోలికి పోకూడదు.

వరండాలో గోపాలరావు మొహం వెలిగిపోతోంది. "అర్థమైందా? షావుకారు నిన్ను తీసుకుపోవాలన్నా ఇప్పుడు కుదరదు. గనిలో అడుగు పెడితే కోర్టు ఆర్డరు మీరినట్టు. మేజిస్ట్రేటు కావాలనే పెట్టాడమ్మా ఆ షరతు."

"కావాలనే పెడితే ఆ మాటే అనొచ్చుగా" అంది మల్లీశ్వరి. "వెట్టి అని ఒక్క ముక్క రాయొచ్చుగా. మమ్మల్ని వదిలెయ్యమంటానికి చట్టం ఉందన్నారు. అది దొరకలా. దొంగలని చెప్పి వదిలారు. అంటే మేం మంచోళ్ళమైతే గనిలోనే ఉండాలా?"

ఇస్మాయిల్ తెచ్చిన టీ గ్లాసుల్లో మొదటిది గోపాలరావు ఆమెకే అందించాడు.

వాయిదాలు నడిచాయి. వాయిదా పడ్డ రోజు కూలి పోయేది, బస్సు ఛార్జీ పోయేది. అయినా మల్లీశ్వరి ఒక్క వాయిదా తప్పనివ్వలేదు. తప్పితే షరతు పోతుందని భయం. రావటం మానేసింది షావుకారే. మనుషులు రారని తేలాక సుత్తితో ఆయనకి పనేముంది? కన్నయ్య సాక్ష్యానికి రాలేదు. చివరికి కేసు కొట్టేశారు. అంకారావు దొంగ కాడని తీర్పు వచ్చింది. విడుదల కాయితం మాత్రం రాలేదు. ఇన్‌స్పెక్టరు వెట్టి లేదని రాశాడు కాబట్టి, లేని వెట్టి నుంచి విడుదల ఎట్లా ఇస్తామన్నారు.

తీర్పు రోజున మల్లీశ్వరి కోర్టు గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నా సుత్తి ఇప్పిచ్చండయ్యా."

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. "దీని మీద ఫిర్యాది గుర్తు ఉందమ్మా. సొత్తు ఆయనకి పోవాలి. లేదంటే నాకభ్యంతరం లేదని ఆయన సంతకం పెట్టాలి. పెట్టించుకురా, ఇచ్చేస్తా."

"మేం దొంగలం కాదని రాశారుగా."

"కాదని రాశారు. సుత్తి నీదని రాయలేదుగా."

లోపలి గది తలుపు తీసే ఉంది. అరల్లో గొడ్డళ్ళు, సైకిలు చక్రాలు, సారా డబ్బాలు. వాటి మధ్య సుత్తి పిడి కనిపిస్తోంది, చీటీ వేలాడుతోంది. మొహానికి తుప్పు పట్టింది. ఆమె ఉన్నచోటి నుంచే కాసేపు చూసి వచ్చేసింది.

ఈ సంగతి ఎట్లా చేరిందో గాని, కొన్నాళ్ళకి కన్నయ్య షెడ్డు దగ్గర లారీ దిగాడు. జోలికి పోకూడదన్న షరతు కేసుతో పాటే పోయింది. అయినా ఈసారి గొంతులో పాత బిరుసు లేదు.

"షావుకారుగారు సంతకం పెడతానన్నాడు. ఒక్కసారి వచ్చి అడగమన్నాడు. గనికి కాదులే, ఇంటికి. గుమ్మం దగ్గర నిలబడి, అయ్యా తప్పయింది అంటే చాలంట. ఇరవై రూపాయల సుత్తికి ఇంత పట్టుదల ఎందుకు మల్లీశ్వరీ?"

"ఇరవై రూపాయల సుత్తికి జీపేసుకుని వచ్చింది మీరు" అంది మల్లీశ్వరి. "తుప్పు పట్టనీ. ఆయన సంతకంతో నాదయ్యే సుత్తి నాకొద్దు. గురవయ్య మావకి చెప్పు, ఈడ కంకర పనుంది, ఎడమచేత్తో కూడా కొట్టొచ్చని. ఏమీ తేవద్దని గూడా చెప్పు."

"అది నేను చెప్పాల్నా?"

"నువ్వే చెప్పు. ఎన్నాళ్ళయ్యా నువ్వు మాత్రం ఆ లారీలెక్కి తిరిగేది?"

కన్నయ్య లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ మాట చెప్పాడో లేదో తెలియదు. గురవయ్య రాలేదు.

ఆ ఏడు దసరానాడు మల్లీశ్వరి టైర్ల గది గోడవారన పనిముట్లు కడిగి నిలబెట్టింది. కంకర పని కాంట్రాక్టరు దగ్గర కొనుక్కున్న కొత్త సుత్తి, రెండు ఉలులు, అంకారావు సమ్మెట. వేటి మీదా అక్షరం లేదు. కనకం పసుపు రాసింది, బొట్లు పెట్టింది. సేమ్యా గిన్నెతో లోపలికొచ్చిన మైమూనా వరస చూసి ఆగింది.

"మొదట్లో ఆ కాళీ ఏందే? ఇంకోటి పట్టుద్ది ఆడ."

"అది మా నాయన సుత్తి చోటు" అంది మల్లీశ్వరి, ఆ ఖాళీలో నేల మీద కూడా పసుపు చల్లి, కుంకుమ బొట్టు పెడుతూ. "మేమందరం బయటపడ్డాంగా అక్కా. అది ఒక్కటే ఇంకా లోపలుంది."